మానసిక వార్డులో చట్టం నడిచేది నర్సు చేతుల మీదుగానే

మానసిక వైద్యశాలలో సైకియాట్రిస్టు రౌండ్స్‌కి వచ్చి ఒక్కో పేషెంటు దగ్గర గడిపేది కొద్ది నిమిషాలే. మిగతా పగలంతా, రాత్రంతా ఆ మనిషి పక్కన ఉండేది నర్సు. మాత్ర మింగించేది, ఇంజెక్షన్ చేసేది, ఇంటికి ఫోన్ చేసుకుంటానంటే సరేననో కుదరదనో చెప్పేది, గొడవైతే ముందు పరిగెత్తుకొచ్చేది ఆమే. అందుకే మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 పేషెంట్లకు ఇచ్చిన హక్కుల్లో చాలావరకు నిలబడేదీ, దెబ్బతినేదీ నర్సు షిఫ్టులోనే. నర్సింగ్ పరీక్షల కోసం ఈ పాఠాన్ని స్వయంనిర్ణయం, మేలు చేయడం, హాని చేయకపోవడం, న్యాయం అని నాలుగు సూత్రాలుగా బట్టీ పడతారు. అవి సరైనవే. కానీ రాత్రి రెండింటికి వార్డులో ఆ నాలుగింట్లో ఏవో రెండు ఒకదానికొకటి అడ్డం తిరుగుతాయి. అప్పుడు దేనికి ఎంత విలువ ఇవ్వాలో తేల్చడానికి చట్టం ఒక పద్ధతి చెప్పింది. బలవంతం చేసేవాళ్లే కారణం చూపాలి, దాన్ని రాతలో పెట్టాలి, గడువు కూడా చెప్పాలి. వద్దన్న పేషెంటు తన మాటను సమర్థించుకోనక్కర్లేదు.

ఇది చిన్న మార్పు కాదు. 1912 నాటి లూనసీ చట్టం చూపు ఎక్కువగా జబ్బుపడ్డ మనిషిని సమాజానికి దూరంగా ఉంచడం మీదే ఉండేది. దాని స్థానంలో వచ్చిన 1987 చట్టం భాషను మెరుగుపరిచింది కానీ, ఆసుపత్రిలో చేర్చడం, ఆస్తి నిర్వహణ చుట్టూనే ఎక్కువగా తిరిగింది. 2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ఒక ప్రైవేటు మానసిక ఆశ్రమం తగలబడి 28 మంది చనిపోయారు. చాలామంది గొలుసులతో కట్టేసి ఉండటంతో పరిగెత్తలేకపోయారు. ఆ ఘటనను సుప్రీంకోర్టు ఎవరూ అడక్కుండానే, సుమోటోగా విచారణకు తీసుకుంది. 2007లో భారత్ వికలాంగుల హక్కుల ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని ఆమోదించాక, దానికి తగ్గట్టు చట్టాన్ని తిరగరాయక తప్పలేదు. అలా వచ్చిన 2017 చట్టం 2018లో అమల్లోకి వచ్చింది. ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదని సెక్షన్ 95 సూటిగా చెబుతుంది.

అర్థం చేసుకునే శక్తి ఉందా, లేదా

ఈ చట్టంలో అన్నిటికీ మూలం సెక్షన్ 4. చికిత్స గురించి నిర్ణయం తీసుకునే సామర్థ్యం ఒక మనిషికి ఉందో లేదో తేల్చడానికి చట్టం చూడమనేవి ఇవి: చెప్పిన సమాచారం అర్థమవుతోందా, ఆ చికిత్స తీసుకుంటే ఏమవుతుందో తీసుకోకపోతే ఏమవుతుందో తెలుసా, తన నిర్ణయాన్ని మాటతోనో సైగతోనో మరోలాగో చెప్పగలుగుతున్నారా. సమాచారం ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని కూడా చట్టమే అంటుంది. ఇంగ్లీషులో ఉన్న కన్సెంట్ ఫారం మీద వేలిముద్ర వేయించుకుని ‘ఒప్పుకున్నాడు’ అని రాసేస్తే ఈ షరతు తీరదు. ఆదిలాబాద్ నుంచి వచ్చిన గోండు మహిళకో, ఒడిశా సరిహద్దు నుంచి విశాఖ వచ్చిన సవర యువకుడికో పుస్తకాల తెలుగులో చెప్పినా తీరదు.

ఇదే సెక్షన్‌లో, వార్డుల్లో తరచూ మరిచిపోయే మరో మాట ఉంది. ఒకరి నిర్ణయం మనకు తప్పుగా, తెలివితక్కువగా కనిపించినంత మాత్రాన వాళ్లకు సామర్థ్యం లేదని అనుకోకూడదు. ‘మందు వద్దంటున్నాడు, అంటే జబ్బు ముదిరింది’ అనే లెక్క చట్టం ముందు చెల్లదు. బైపోలార్ జబ్బున్న, అంటే ఉన్మాదం, దిగులు మారిమారి వచ్చే మనిషి లిథియం అనే మందు వద్దంటున్నాడనుకుందాం. చేతులు వణుకుతున్నాయి, దాహం ఆగట్లేదు, బట్టల కొట్టులో కొలతలు తీసే తన పని చేతకావడం లేదు అని కారణం చెబుతున్నాడు. అతనికి విషయం అర్థమైంది, ఫలితం తెలుసు, తన మాట స్పష్టంగా చెప్పాడు. ఇక్కడ నర్సు చేయాల్సింది ఆ వణుకు ఎంతుందో చూసి, రక్తంలో లిథియం మోతాదు పరీక్ష సంగతి గుర్తుచేసి, డాక్టరుకు చేరవేయడం. అదే మనిషి మరుసటి వారం ఉన్మాద దశలోకి వెళ్లి ‘నేనే దేవుణ్ణి, నాకు మందులేంటి’ అంటే లెక్క మారుతుంది. సామర్థ్యం అనేది మనిషికి శాశ్వతంగా అంటించే ముద్ర కాదు. ఒక నిర్ణయానికి, ఒక సమయానికి సంబంధించిన విషయం. అందుకే సొంతంగా నిర్ణయించుకోలేక, నామినేటెడ్ ప్రతినిధి (చికిత్స నిర్ణయాల్లో పేషెంటు తరఫున నిలబడే మనిషి) సాయంతో చేరిన పేషెంటు విషయంలో ప్రతి 7 రోజులకు సామర్థ్యాన్ని తిరిగి చూడాలని సెక్షన్ 89 అంటుంది. ఆ అడ్మిషన్ కూడా మొదట 30 రోజులకే. దాటితే సెక్షన్ 90 కింద మళ్లీ పరీక్షలు, మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు అనుమతి కావాలి.

పేషెంటు తనంతట తాను చేరితే మరీ స్పష్టం. అతని సమ్మతి లేకుండా చికిత్స లేదు, వెళ్తానంటే పంపాలి. ప్రమాదం ఉందనిపిస్తే పరీక్ష కోసం 24 గంటల దాకా ఆపొచ్చు, అంతే. అన్నయ్య చేయి పట్టుకుని తీసుకొచ్చి, ‘ఇక్కడ సంతకం పెట్టరా’ అంటే పెట్టినవాడు నిజంగా తనంతట తాను చేరినట్టా? ఈ ప్రశ్న అడ్మిషన్ కౌంటర్ దగ్గర ఎవరూ వేయరు. మొదటి రాత్రి పక్క మీద కూర్చుని ‘సిస్టర్, నన్ను ఇక్కడికి ఎందుకు తెచ్చారు’ అని అడిగినప్పుడు నర్సుకు తెలుస్తుంది. ఆ మాట కేస్ షీట్‌లో చేరాలి, పొద్దున డాక్టరు చెవిన పడాలి.

ఇంకో సంగతి చాలామంది నర్సులకే తెలియదు. రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర నమోదైన మెంటల్ హెల్త్ నర్సును ఈ చట్టం మానసిక ఆరోగ్య నిపుణుల్లో ఒకరిగా గుర్తిస్తుంది. సెక్షన్ 89 కింద చేర్చుకునేటప్పుడు ఇద్దరు విడివిడిగా పరీక్షించాలి, ఒకరు సైకియాట్రిస్టు. రెండోవారు అలా నమోదైన నర్సు కావచ్చు. అంటే ఒక మనిషి స్వేచ్ఛ గురించి తేల్చే రెండు సంతకాల్లో ఒకటి ఆమెది కావచ్చు. డాక్టరు రాసిందే కాపీ చేసి పెట్టే సంతకమైతే ‘విడివిడిగా’ అన్న మాటకు అర్థం ఉండదు.

అన్నంలో కలిపి పెట్టే మందు

మన ఇళ్లలో మానసిక జబ్బున్న మనిషి మందు మింగనంటే కాఫీలోనో సాంబారులోనో చుక్కల మందు కలిపి ఇవ్వడం చాలా మామూలు. కుటుంబాన్ని తప్పుపట్టడం తేలిక కాదు. అర్ధరాత్రి కత్తి పట్టుకుని తిరిగే కొడుకుతో ఒకే ఇంట్లో ఉండే తల్లికి వేరే దారి కనబడదు. అదే పని వార్డులో నర్సు చేస్తే సంగతి వేరు. సామర్థ్యం ఉన్న పేషెంటుకు తెలియకుండా మందు ఇవ్వడం అంటే సమ్మతి లేని చికిత్సే. సామర్థ్యం లేనివాళ్ల విషయంలో నామినేటెడ్ ప్రతినిధి తాత్కాలికంగా సమ్మతి ఇవ్వొచ్చు. అప్పుడైనా అది డాక్టరు నిర్ణయంగా, కారణంతో, రాతపూర్వకంగా ఉండాలి. వంటగది దగ్గర ఆయా, నర్సు కలిసి చేసుకునే ఏర్పాటుగా ఉండకూడదు.

చట్టం పక్కన పెట్టినా దీనిలో వైద్యపరమైన చిక్కు ఉంది. స్కిజోఫ్రెనియాలో చాలామందిని పీడించే భయం ఏమిటి? అన్నంలో ఏదో కలుపుతున్నారని. మనం నిజంగానే కలిపి, ఒకరోజు దొరికిపోతే, ఆ భ్రమకు మన చేతులతో రుజువు ఇచ్చినట్టే. ఆ తర్వాత ఆ మనిషి అన్నం మానేస్తాడు, నర్సును నమ్మడు, డిశ్చార్జి అయ్యాక ఫాలో అప్‌కి రాడు. మాత్రను బుగ్గన దాచి బాత్రూంలో ఉమ్మేసే పేషెంటుతో పది నిమిషాలు కూర్చుని ఎందుకు వద్దంటున్నాడో అడగడం కష్టమైన పనే, ముఖ్యంగా ముప్పై మందికి మందుల ట్రాలీ తిప్పాల్సిన వేళ. అయినా దీర్ఘకాలంలో మందు లోపలికి వెళ్లేది ఆ దారిలోనే. తరచూ బయటపడే కారణాలు కూడా సామాన్యమైనవే. మెడ పట్టేస్తోంది, లావైపోతున్నాను, పొద్దున లేవలేకపోతున్నాను అని. వీటిలో చాలావాటికి మోతాదు మార్చడమో, మందు మార్చడమో, విరుగుడు మాత్రో ఉంది.

కట్టేయడం

మానసిక నర్సింగ్‌లో చట్టం, నీతి రెండూ అతి గట్టిగా పరీక్షకు నిలబడేది ఇక్కడే. పేషెంటును ఒంటరిగా గదిలో పెట్టి తాళం వేయడాన్ని సెక్షన్ 97 పూర్తిగా నిషేధించింది. శారీరకంగా కట్టడి చేయడాన్ని నిషేధించలేదు కానీ షరతులు బిగించింది. అతనికో ఇతరులకో వెంటనే జరగబోయే హానిని ఆపడానికి అదొక్కటే మార్గమై ఉండాలి. బాధ్యతలో ఉన్న సైకియాట్రిస్టు అనుమతించాలి. అవసరానికి మించి ఒక్క నిమిషం కూడా ఉంచకూడదు. ఏ పద్ధతిలో, ఎందుకు, ఎంతసేపు అన్నది వెంటనే రికార్డులో రాయాలి. 24 గంటల్లో నామినేటెడ్ ప్రతినిధికి చెప్పాలి. నెలనెలా బోర్డుకు నివేదిక వెళ్లాలి. శిక్షగా గానీ, భయపెట్టడానికి గానీ కట్టకూడదు. సిబ్బంది చాలడం లేదన్న కారణంతోనూ కట్టకూడదు.

చివరి షరతు చదివి చాలామంది నర్సులు నిట్టూరుస్తారు. రాత్రిపూట ఒక నర్సు, ఒక వార్డ్ బాయ్, నిండా పేషెంట్లు ఉన్న వార్డులో ఇద్దరు కొట్టుకుంటుంటే, కాగితం మీద ‘తక్షణ హాని’ అని రాసినా వెనక ఉన్నది సిబ్బంది కొరతేనని అక్కడున్న అందరికీ తెలుసు. ఇందులో ఆసుపత్రి యాజమాన్యాన్ని వదిలేసి నర్సును మాత్రమే నిలదీయడం అన్యాయం. సెక్షన్ 97 ఆ బాధ్యతను సంస్థ మీదే పెట్టింది. అందుకే కొరత ఉన్న ప్రతి షిఫ్టులో ఆ విషయాన్ని డ్యూటీ రిపోర్టులో, నర్సింగ్ సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా తెలియజేయడం పేషెంటుకూ రక్షణే, నర్సుకూ రక్షణే. నోటిమాటగా చెప్పుకున్న గోడు రేపు విచారణలో లెక్కకు రాదు.

నోట్స్ ఎలా రాయాలో ఒకసారి దగ్గరగా చూద్దాం. ‘పేషెంట్ వయొలెంట్‌గా ఉన్నాడు, రిస్ట్రెయిన్ చేశాం, డాక్టర్‌కి ఇన్ఫార్మ్ చేశాం’. మన వార్డుల్లో ఎక్కువగా కనిపించే వాక్యం ఇదే, ఇందులో ఏమీ లేదు. దీనికి బదులు ఇలా ఉండాలి: ‘రాత్రి 1.40. పక్క బెడ్ పేషెంటు మీద స్టీలు గ్లాసు విసిరాడు, గొంతు పట్టుకున్నాడు. పక్కకు తీసుకెళ్లి మాట్లాడాం, మంచినీళ్లు ఇచ్చాం, నోటి ద్వారా మాత్ర ఇవ్వబోతే నెట్టేశాడు. 1.50కి డ్యూటీ డాక్టరు వచ్చి చూసి, బాధ్యతలో ఉన్న సైకియాట్రిస్టుతో ఫోన్‌లో మాట్లాడి అనుమతి తీసుకున్నారు. 1.55కి రెండు చేతులకు మెత్తటి బెల్టులు. 2.10కి వేళ్లు వెచ్చగా ఉన్నాయి, రంగు మామూలుగా ఉంది, నీళ్లు తాగాడు. 2.25కి మాట వింటున్నాడు, కుడిచేయి వదిలాం. 2.40కి రెండో చేయి వదిలాం.’ ఇందులో మొదట ఏమేం ప్రయత్నించారో తెలుస్తుంది, కట్టింది ఎంతసేపో తెలుస్తుంది, ఆ సమయంలో మనిషిని ఎవరో చూసుకున్నారనీ తెలుస్తుంది.

ఆ చూసుకోవడమే అసలు నర్సింగ్. కట్టిన చేతికి రక్తప్రసరణ ఆగకుండా, బోర్లా పడుకోబెట్టకుండా, మూత్రానికి తీసుకెళ్తూ, నీళ్లు తాగిస్తూ ఉండాలి. చాలాచోట్ల ప్రొటోకాల్ ప్రతి 15 నిమిషాలకు చూడమంటుంది. చున్నీతోనో బ్యాండేజీ గుడ్డతోనో ముడివేసి, ఇంజెక్షన్ చేసి, నిద్రపోయాడులే అని వచ్చేస్తే ఊపిరి ఆడకపోయినా, ఇంజెక్షన్ వల్ల మెడ, నాలుక బిగుసుకుపోయినా తెలిసేది పొద్దున్నే. నిజానికి మత్తెక్కే ఇంజెక్షన్ కూడా ఒకరకమైన కట్టడే. ఈ చట్టం రసాయన కట్టడి అని విడిగా పేరు పెట్టి చెప్పలేదు కానీ, వార్డు నిశ్శబ్దంగా ఉండటం కోసం రాత్రి ఎనిమిదికల్లా అందరికీ ఇంజెక్షన్ చేసే అలవాటు వైద్యం అనిపించుకోదు.

మనిషి కుదుటపడ్డాక ‘నిన్న రాత్రి ఎందుకలా చేయాల్సి వచ్చిందంటే’ అని అతనికి చెప్పడం కూడా ఇందులో భాగమే. ఇది చాలాచోట్ల జరగదు. కట్టించుకున్న అనుభవం మనిషిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఎందుకు జరిగిందో ఎవరూ చెప్పకపోతే అది అవమానంగానే ఉండిపోతుంది.

‘మా వాళ్లమ్మాయి అక్కడ చేరిందా?’

వార్డు ఫోన్ మోగుతుంది. అవతలి మనిషి పిన్నినంటుంది, మేనమామనంటాడు. ఫలానా అమ్మాయి అక్కడ ఉందా, ఏం జబ్బు, పెళ్లికి ముందు నుంచీ ఉందా అని ఆరా. తెలుగు సమాజంలో ఈ ఫోన్ కాల్ వెనక ఏముంటుందో విడమరిచి చెప్పనక్కర్లేదు. సంబంధం చూస్తున్నవాళ్లు కావచ్చు, విడాకులకు కాగితాలు పోగు చేస్తున్న భర్త తరఫు వాళ్లు కావచ్చు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 13 మానసిక జబ్బును కొన్ని షరతులతో విడాకులకు కారణంగా ఒప్పుకుంటుంది కాబట్టి, వార్డులో నోరు జారిన ఒక్క మాట కోర్టు దాకా వెళ్లగలదు. అయితే జబ్బు పేరు ఒక్కటే చాలదు. భార్యకు స్కిజోఫ్రెనియా ఉందని ఒక తెలుగు దంపతుల కేసులో భర్త విడాకులు కోరితే, 2013లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మందులతో అదుపులో ఉంచగల జబ్బును అడ్డం పెట్టుకుని విడాకులు ఇవ్వలేమంది.

గోప్యతను సెక్షన్ 23 హక్కుగా ఇచ్చింది. మినహాయింపులు కొన్నే. నామినేటెడ్ ప్రతినిధి తన బాధ్యతలు నిర్వర్తించడానికి అవసరమైన మేర, చికిత్సలో పాలుపంచుకునే ఇతర నిపుణులకు, ఎవరికైనా హాని జరగకుండా ఆపడానికి, ప్రాణాపాయం ఉన్నప్పుడు, బోర్డు లేదా కోర్టు ఆదేశిస్తే, ప్రజా భద్రత కోసం. మేనమామ ఈ జాబితాలో లేడు. ఆ మాటకొస్తే నామినేటెడ్ ప్రతినిధి కాని భర్తా లేడు. ‘ఇక్కడ ఎవరున్నారో ఫోన్‌లో చెప్పం’ అనే ఒక్క జవాబు అందరికీ ఒకేలా ఇవ్వాలి. ‘ఆ అమ్మాయి గురించి చెప్పకూడదండీ’ అన్నామంటే చెప్పేసినట్టే.

ఫోన్ కెమెరా ఇంకో తలనొప్పి. పేషెంటు ఫొటోను, సమాచారాన్ని అతని సమ్మతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని సెక్షన్ 24 అంటుంది. వార్డులో బర్త్‌డే కేక్ కోసి స్టేటస్ పెట్టుకున్న ఫొటోలో వెనక మంచం మీద కూర్చున్న మనిషి ముఖం కనిపిస్తే, ఊళ్లో అతని పరువు పోవడానికి పేపరు, టీవీ అక్కర్లేదు.

గోప్యత వదిలేయాల్సిన సందర్భం కూడా వస్తుంది. ‘ఇంటికెళ్లగానే మా వదిన సంగతి చూస్తా’ అని పేషెంటు పేరు పెట్టి, పద్ధతి చెప్పి మరీ అంటుంటే దాన్ని గుండెల్లో దాచుకోవడం విశ్వాసం కాదు. వెంటనే డాక్టరుకు చెప్పాలి, రాయాలి. పద్దెనిమిదేళ్లలోపు పిల్ల తనపై లైంగిక దాడి జరిగిందని నర్సుతో చెప్పుకుంటే, పోక్సో చట్టం కింద పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. ఎవరికీ చెప్పనని ముందే ఒట్టు వేయకూడదనేది ఇందుకే.

ఆత్మహత్యా ప్రయత్నం చేసి వచ్చినవాళ్ల విషయంలోనూ పాత భయాలు ఇంకా పోలేదు. వాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని సెక్షన్ 115 చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి సెక్షన్ 309 లాంటి సాధారణ నేరమే లేదు. ‘కేసు అవుతుంది చూసుకో’ అని బెదిరించడం తప్పు సమాచారం, క్రూరత్వం కూడా. వార్డులో ఇలాంటి పేషెంటును కనిపెట్టుకుని ఉండటంలో సున్నితమైన చిక్కు ఒకటుంది. బాత్రూం తలుపు లోపల గడియ వేసుకోనివ్వాలా? వేసుకోనిస్తే ప్రమాదం, తెరిచి ఉంచితే అవమానం. తలుపు దగ్గరకు వేసి, గడియ పెట్టకుండా, అదే లింగానికి చెందిన సిబ్బంది బయట నిలబడి మాట్లాడుతూ ఉండటం మధ్యేమార్గం. ప్రమాదం తగ్గిన కొద్దీ ఆ కాపలా తగ్గించాలి. తగ్గించిన నిర్ణయం ఎవరిదో రాయాలి.

చిన్నవిగా కనిపించే హక్కులు కూడా సెక్షన్ 20లో ఉన్నాయి. పేలు పట్టాయని బలవంతంగా గుండు చేయించకూడదు. సొంత బట్టలు కట్టుకుంటానంటే యూనిఫాం రుద్దకూడదు. నెలసరికి కావాల్సినవి అందించాలి. వార్డు ఊడ్చమని, అన్నం గిన్నెలు మోయమని బలవంతపెట్టకూడదు, పని చేస్తే డబ్బివ్వాలి. మూడేళ్లలోపు బిడ్డను తల్లి నుంచి మామూలుగా విడదీయకూడదని సెక్షన్ 21 చెబుతుంది. మత్తు ఇవ్వకుండా కరెంటు షాక్ ఇవ్వడం నిషేధం. అత్యవసర చికిత్స పేరుతోనూ షాక్ ఇవ్వకూడదు. థియేటర్‌కు పంపే ముందు సమ్మతి పత్రం మీద సంతకం ఎవరిదో చూడాల్సింది నర్సే.

తన వృత్తికి అధికారం లేని చికిత్సను ఎవరూ సూచించకూడదని సెక్షన్ 106 గీత గీసింది. డాక్టరు రాని రాత్రి అనుభవమున్న నర్సు చొరవ తీసుకుని డోసు పెంచితే, ఉద్దేశం ఎంత మంచిదైనా ఆ గీత దాటినట్టే. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 6 నెలల వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

మరి తోటి సిబ్బంది పేషెంటును కొట్టడం కళ్లారా చూసిన నర్సు ఏం చేయాలి? సీనియర్ మీద ఎలా చెబుతాం, రేపు డ్యూటీలు ఎక్కడ వేస్తారో అన్న భయం నిజమైనదే. సెక్షన్ 28 ప్రకారం పేషెంటు గానీ అతని ప్రతినిధి గానీ సేవల్లో లోపం మీద బాధ్యతలో ఉన్న డాక్టరుకు, అక్కడ న్యాయం జరగకపోతే బోర్డుకు ఫిర్యాదు చేయవచ్చు. ఉచిత న్యాయ సహాయం సెక్షన్ 27 కింద హక్కు. రాయడం రాని పేషెంటుకు ఈ దారి ఉందని చెప్పి, అతని మాటల్లోనే ఫిర్యాదు రాసిపెట్టడానికి నర్సుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. దెబ్బల గుర్తులు ఎక్కడ, ఏ రంగులో, ఏ సైజులో ఉన్నాయో నర్సెస్ నోట్స్‌లో అదే షిఫ్టులో ఎక్కాలి, కింద పేరు, సమయం ఉండాలి.